యుద్ధం ముగిశాక సర్కారు పాట: సరుకు చౌక, షరతు ప్రియం

ఎలమంచిలి: యుద్ధం సాగుతున్నంత కాలం సర్కారును మించిన కొనుగోలుదారు ఉండడు. యుద్ధం ముగిసిన తెల్లవారి నుంచి సర్కారును మించిన అమ్మకందారు ఉండడు. కొనేనాడు ధర గురించి ఆలోచించే తీరిక లేదు, అమ్మేనాడు ధర కోసం ఆగే ఓపిక లేదు. దుప్పట్లు, లారీలు, టైర్లు, విమానాలు, ఓడలు, ఇనుప రేకులు, గుడారాలు, తాళ్లు, ఆఖరుకు ఖాళీ డ్రమ్ములు కూడా ఒక్కసారిగా బజారుకు వస్తాయి. ఇంత సరుకు చౌకగా దిగుతున్నప్పుడు లాభం ఖాయమని వర్తకుడు అనుకోవడం సహజం. గడిచిన నూరేళ్ల అనుభవం మాత్రం వేరుగా ఉంది. మిలిటరీ సరుకు వేలంలో లాభనష్టాలు పాట ధర దగ్గర తేలవు. బయానా ఎంత, గడువు ఎంత, సరుకు ఎత్తే ఖర్చు ఎవరిది, అందులో ఏమున్నదో చెప్పే బాధ్యత ఎవరిది అనే షరతుల దగ్గర తేలతాయి.

ఈ సంగతి మన ప్రాంత వర్తకులకు పట్టవలసిన కారణం ఉంది. ఎలమంచిలి మీదుగానే మద్రాసు-హౌరా రైలు మార్గం, జాతీయ రహదారి పోతున్నాయి. విశాఖ రేవు, నౌకాదళం డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం అన్నీ లారీ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోనే ఉన్నాయి. పక్కనే రాంబిల్లి తీరాన నౌకాదళం కొత్త స్థావరం చేపట్టింది. వెనుకటి రోజుల్లో డిస్పోజల్స్ పాటకు వెళ్లాలంటే డిపో ఉన్న ఊరికి రైలెక్కి, ఎండలో నిలబడి, గుట్టలను కళ్లతోనే తూచి పాడవలసి వచ్చేది. నేడు కేటలాగు కంప్యూటరు తెర మీదకే వస్తోంది. దుకాణంలో గల్లాపెట్టె వద్ద కూర్చునే లక్షల మీద పాడవచ్చు. కొత్తవారు ఎక్కువగా దిగుతున్నది ఇందుకే, దెబ్బ తింటున్నదీ ఇందుకే.

వానకు ముందు బెల్లం

సర్కారు ఎందుకు చౌకగా అమ్ముతుంది? అనకాపల్లి బెల్లం వర్తకుడికి ఇది వివరించనక్కరలేదు. వానలు ముంచుకొస్తుండగా గిడ్డంగిలో సరుకు నిలవ ఉన్నవాడు ధర కోసం బెట్టు చేయలేడు. తేమ తగిలిందంటే దిమ్మ కారిపోతుంది. యుద్ధానంతరం సర్కారుదీ ఆ స్థితే. డిపోకు కాపలా పెట్టాలి, స్థలానికి అద్దె కట్టాలి, లెక్కలు రాసే గుమాస్తాలకు జీతాలివ్వాలి. ఈలోగా లోపల టైర్లు పగులుతుంటాయి, గుడ్డ చివుకుతుంటుంది, ఇనుము తుప్పు పడుతుంటుంది. కాపలా ఉన్న సైనికులకేమో ఇంటికి పోవాలనే తొందర.

అంతమాత్రాన సరుకంతా ఒక్కరోజున బజారులో పోయరు. ముందుగా మిగతా దళాలు తమకు కావలసింది తీసుకుంటాయి. తరువాత రైల్వేలు, ఆసుపత్రులు, ఇతర ప్రభుత్వ శాఖలు. ఆపైన మిత్ర దేశాలు. వీరందరూ ఏరుకోగా మిగిలినదే వేలానికి వస్తుంది. ఎవరూ కొననిది, ఎవరికీ అమ్మడానికి వీలు లేనిది ధ్వంసమవుతుంది. కనుక వర్తకుడి ముందుకు వచ్చే లాటు అప్పటికే నలుగురు తిరగేసి వదిలినదన్న మాట. అమెరికా 1944లోనే, యుద్ధం ఇంకా ముగియకముందే, మిగులు ఆస్తుల చట్టం చేసి ఎవరికి ముందు ఎవరికి వెనుక అనే వరుస రాసుకుంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు అందులో ప్రాధాన్యమిచ్చింది. మరోవైపు కర్మాగారాల వారి గోల ఉండనే ఉంటుంది. సర్కారు పాత లారీలను గుట్టలుగా అమ్మితే కొత్త లారీ కొనేవాడెవడు? త్వరగా అమ్మమని ఖజానా, నెమ్మదిగా అమ్మమని పరిశ్రమ సర్కారును చెరో వైపు లాగడం అన్ని దేశాలలోనూ జరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో టోకు బేరం ఒకటి జరిగింది. స్లౌ అనే ఊళ్లో సైన్యం మోటారు డిపో ఉండేది. 1920లో పెర్సివల్ పెర్రీ నాయకత్వాన ఒక బృందం స్థలం, షెడ్లు, వాహనాలు అన్నింటినీ కలిపి 70 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొనేసింది. వాహనాలను బాగు చేసి అమ్ముకుంటూ పోయి, ఖాళీ అయిన షెడ్లను పరిశ్రమలకు అద్దెకిచ్చింది. పేరు మోసిన స్లౌ ట్రేడింగ్ ఎస్టేటు అలా పుట్టింది. సరుకు అమ్ముడయ్యాక కాళ్ల కింద స్థలం కూడా మిగలడం అందరికీ పట్టే అదృష్టం కాదు.

రెండో యుద్ధం తరువాత అమెరికాలో బేరాలు ఇంకా భారీగా సాగాయి. అరిజోనా రాష్ట్రం కింగ్‌మన్ ఎడారిలో నిలిపిన 5,400కు పైగా యుద్ధ విమానాలను 1946లో ఒక కాంట్రాక్టరు సుమారు 27 లక్షల 80 వేల డాలర్లకు దక్కించుకున్నాడు. విమానానికి సగటున 500 డాలర్ల చిల్లర. సర్కారు కొన్ననాడు పెద్ద బాంబరు ఒక్కొక్కటి రెండు లక్షల డాలర్లకు పైబడి పడింది. ఆయన వాటిని ఎగరేయడానికి కొనలేదు. అక్కడే కొలిమి పెట్టి కరిగించి అల్యూమినియం దిమ్మలుగా అమ్మాడు.

రూపాయి సరుకు పావలా పైచిలుకు

మన దేశానికి వస్తే, విశాఖపట్నం మీద 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన సంగతి ఈ తీరంలో పెద్దల నోట విననివారుండరు. బర్మా వైపు పోరాడే సేనలకు భారతదేశమే గిడ్డంగి అయింది. అందుచేత యుద్ధం ముగిసేనాటికి ఇక్కడ రెండు రాసుల సరుకు పడి ఉంది. ఒకటి అమెరికా వారిది, రెండోది బ్రిటిష్ వారిది.

అమెరికా లెక్క 1946 మే 16న కుదిరిన ఒప్పందంతో తేలింది. యుద్ధకాలపు లెండ్-లీజు ఖాతాలు పరిష్కరించుకుని, ఇక్కడున్న అమెరికా మిగులు సరుకును భారత ప్రభుత్వం చేతికి అప్పగించారు. అమ్మకాల బాధ్యత డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ డిస్పోజల్స్ చూసింది. ‘డిస్పోజల్ సరుకు’ అనే మాట బజారులో నలిగింది ఆ రోజుల్లోనే.

బ్రిటిష్ లెక్క తేలడానికి 1948 జూలై దాకా పట్టింది. నాటి ఆర్థిక మంత్రి ఆర్.కె. షణ్ముఖం చెట్టి లండన్ వెళ్లి బేరం కుదిర్చారు. 1947 ఏప్రిల్ 1 నాటికి ఇక్కడున్న బ్రిటిష్ సైనిక సరుకు, కట్టడాల పుస్తక విలువ సుమారు రు. 500 కోట్లు. ఇచ్చిన ధర 10 కోట్ల పౌండ్లు, అంటే నాటి మారకం ప్రకారం రు. 133 కోట్లు. రూపాయి సరుకు పావలా పైచిలుకుకు వచ్చిందన్న మాట. అయితే ఈ పైకం మనం కొత్తగా పంపినది కాదు. యుద్ధ ఖర్చుల కింద బ్రిటన్ మనకు బాకీ పడిన స్టెర్లింగు నిల్వల నుంచి తగ్గించారు. బాకీదారు రొక్కం ఇవ్వలేక ఇంట్లో సామాను లెక్కగట్టి జమ వేయించుకోవడం మన పల్లెల్లోనూ ఉన్నదే.

పుస్తక విలువ అంటే కొన్ననాటి ఖరీదు మాత్రమేనని ఇక్కడ గమనించాలి. కేటలాగులో కొన్న ధర ఇంత అని చూసి, అందులో పావలా వంతుకే దక్కుతోందని సంబరపడే వర్తకులు నేటికీ ఉన్నారు. సైన్యం అవసరం వేళ ఇచ్చిన ధరకూ బజారు ధరకూ సంబంధం ఉండనక్కరలేదు.

ఈ సరుకుతో బాగుపడినవారు లేకపోలేదు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ యుద్ధపు మిగులు డకోటాలతోనే బేగంపేట నుంచి సర్వీసులు నడిపింది. దేశంలో ఇంకా పలు విమాన కంపెనీలు అలాగే వెలిశాయి. కాని డకోటా చౌక అయిందని కంపెనీలు పెరిగినంతగా ప్రయాణికులు పెరగలేదు. 1953లో జాతీయకరణ జరిగేనాటికి పరిశ్రమ నష్టాల్లో ఉంది. డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. యంత్రం చౌకగా వచ్చినంత మాత్రాన వ్యాపారం చౌకగా నడవదని బి.కాం. మొదటి ఏడు పాఠంలోనే ఉంటుంది, అయినా ప్రతి తరమూ డబ్బు పోసి నేర్చుకుంటూనే ఉంది.

కాన్పూరు కథ ఇంకో రకం. అమెరికా వారు అక్కడ వదిలిన లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎవరూ ఎగరేయకుండా పాడు చేసి మరీ వెళ్లారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు ఆ తుక్కులో నుంచే ఏరి, ఒకదాని భాగాలు మరొకదానికి తగిలించి, 40కి పైగా బాంబర్లను లేపారు. 1948లో వాయుసేనలో చేరిన ఆ విమానాలు 1968 దాకా పనిచేశాయి. వాటిలో ఒకటి తరువాత లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికే చేరింది. పాడు చేసిన సరుకును తిరిగి లేపగల పనితనం ఉన్నవాడికే అది సరుకు. లేనివాడికి తూకం ఇనుమే.

కొనేది సర్కారే అయితే

మిగులు సరుకులో మోసపోవడం వర్తకులకే పరిమితం కాదు. 1948లో కాశ్మీరు పోరాటం వేళ సైన్యానికి జీపులు అత్యవసరమయ్యాయి. లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్ పాత సైనిక జీపులను బాగు చేయించి పంపే ఒప్పందాన్ని అంతగా పేరులేని ఒక విదేశీ సంస్థతో కుదిర్చారు. బేరం విలువ సుమారు రు. 80 లక్షలు. పైకంలో పెద్ద భాగం ముందే చెల్లించారు. మద్రాసు రేవులో దిగినవి 155 జీపులు. వాటిని చూసిన సైన్యం పనికిరావని తేల్చింది. తిరుచానూరుకు చెందిన ఎం. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన విచారణ కమిటీ కూడా వేశారు. చివరకు 1955 సెప్టెంబరులో హోం మంత్రి గోవింద వల్లభ పంత్ ఈ వ్యవహారం ముగిసిందని ప్రకటించారు. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణంగా ఇది పేరుపడింది. రాజకీయం ఎలా ఉన్నా వర్తకుడు చూడవలసినది రెండే: సరుకు రాకముందు ఎంత పైకం పోయింది, పోయేముందు సరుకును ఎవరు చూశారు.

పానాగఢ్ బయానా

అన్నింటికంటె శ్రద్ధగా చదవవలసినది విమాన తుక్కు కథ. బెంగాల్‌లోని పానాగఢ్ యుద్ధకాలంలో అమెరికా వారి పెద్ద స్థావరం. అక్కడ పడి ఉన్న విమాన తుక్కును టాటా ఎయిర్‌క్రాఫ్ట్ లిమిటెడ్ సంస్థ అమ్మకానికి పెట్టగా శ్రీ హనుమాన్ కాటన్ మిల్స్ వారు కొనడానికి ఒప్పుకున్నారు. ఒప్పందం తేదీ 1946 నవంబరు 18. షరతుల ప్రకారం ధరలో 25 శాతం ముందుగా కట్టాలి. అది బయానాగా ఉంటుంది, చివరి బిల్లులో జమ అవుతుంది. మిగతా పైకం గడువులోగా కట్టి సరుకు ఎత్తుకోవాలి. కట్టకపోతే ఒప్పందం రద్దు చేసి బయానా జప్తు చేసే హక్కు అమ్మకందారుది. కొనుగోలుదారు నాలుగో వంతు కట్టాడు, మిగతాది కట్టలేదు. అమ్మకందారు బేరం రద్దు చేసి బయానా ఉంచుకున్నాడు.

అది బయానా కాదు, ధరలో కొంత భాగం మాత్రమే కాబట్టి తిరిగి ఇప్పించమని కొనుగోలుదారు కోర్టుకెక్కాడు. వ్యాజ్యం కలకత్తా హైకోర్టు దాటి సుప్రీంకోర్టు చేరి, 1969 అక్టోబరు 28న తీర్పు వచ్చేనాటికి 23 ఏళ్లు గడిచాయి. పానాగఢ్ తుక్కు ఏనాడో ఏ వంటపాత్రగానో మారిపోయి ఉంటుంది. సుప్రీంకోర్టు అమ్మకందారు పక్షానే తీర్పిచ్చింది. బేరం కుదిరిన క్షణంలో ఇచ్చేది, మాట నిలబెట్టుకుంటాననే హామీగా ఇచ్చేది, బేరం పూర్తయితే ధరలో కలిసిపోయేది, కొనుగోలుదారు తప్పు వల్ల బేరం చెడితే పోయేది బయానా అని కోర్టు చెప్పింది. ఒప్పందంలో వేరే మాట లేకపోతే దాన్ని ఉంచుకునే హక్కు అమ్మకందారుకు ఉంటుందని కూడా స్పష్టం చేసింది.

అదే ఏడాది ఆగస్టు 19న అదే కోర్టు మరో సైనిక వ్యవహారంలో వేరే తీర్పు ఇచ్చింది. మౌలా బక్ష్ అనే కాంట్రాక్టరు 1947లో ఉత్తరప్రదేశ్ ప్రాంత సైనిక కేంద్రానికి బంగాళాదుంపలు సరఫరా చేయడానికి రు. 10,000, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేయడానికి రు. 8,500 ధరావతు కట్టాడు. సరఫరాలో తప్పినందుకు ప్రభుత్వం రెండు కాంట్రాక్టులూ రద్దు చేసి ధరావతులు జప్తు చేసుకుంది. ఇది బయానా కాదు, మాట తప్పితే పడే జరిమానా వంటిదని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. దుంపలకు, గుడ్లకు బజారులో ధర తెలుస్తూనే ఉంటుంది. బయట కొన్నందుకు ఎంత నష్టం వచ్చిందో ప్రభుత్వం లెక్క చూపవచ్చు. చూపలేదు గనుక రు. 18,500 వడ్డీతో తిరిగి ఇవ్వమంది.

తుక్కు కొన్నవాడికి పోయింది, దుంపలు అమ్మినవాడికి తిరిగి వచ్చింది. మన మాటల్లో బయానా, ధరావతు, అడ్వాన్సు అన్నీ ఒకటే అన్నట్టు వాడుతుంటాం. కోర్టులో మాత్రం ఒక్కో మాటకు ఒక్కో ఖరీదు. వేలం కాగితాల్లో ఏ పైకాన్ని ఏ పేరుతో పిలిచారో, ఏ దశలో ఏది దేనిగా మారుతుందో ఎర్ర సిరాతో గీత పెట్టుకుని చదవాలి. ఆ తరువాత 2015లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ స్థలం వేలం కేసు ఒకటి వచ్చింది. 1982లో రు. 3.12 కోట్లకు పాడిన పాటదారు కట్టిన రు. 78 లక్షల బయానాను ఆ సంస్థ జప్తు చేసింది. తరువాత అదే స్థలాన్ని రు. 11.78 కోట్లకు అమ్ముకుంది. పాటదారు తప్పు లేదు, సంస్థకు నష్టమూ లేదు కనుక తిరిగి ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి జప్తు జరిగిన ప్రతిసారీ దారి మూసుకుపోయినట్టు కాదు. కాని కేటలాగు చదవడానికి ఒక పూట పడుతుంది. ఆ పాటదారుకు పైకం తిరిగి రావడానికి 32 ఏళ్లు పట్టింది.

తుక్కులో గుండు

పైకం పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. యుద్ధపు తుక్కులో అంతకు మించిన ప్రమాదం ఉంది. 2004 సెప్టెంబరు 30న గాజియాబాద్ సమీపాన సాహిబాబాద్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో దిగుమతి తుక్కు పేలి పది మంది కార్మికులు చనిపోయారు. తుక్కులో పేలని గుండ్లు ఉన్నట్టు బయటపడింది. పశ్చిమాసియాలో యుద్ధాలు జరిగిన ప్రాంతాల నుంచి ఇనుము చౌకగా వస్తున్న రోజులవి. వెంటనే దేశంలో పలుచోట్ల రేవుల్లో, యార్డుల్లో గాలించగా ఇంకా గుండ్లు దొరికాయి.

ఆ తరువాత ప్రభుత్వం దిగుమతి నియమాలు బిగించింది. ముక్కలుగా నలగగొట్టని తుక్కు అయితే సరుకు ఎగుమతి చేసే చోటనే పరీక్ష జరిపి, మందుగుండు గాని రేడియో ధార్మిక పదార్థం గాని లేదని ధ్రువపత్రం ఇవ్వాలి. అటువంటి తుక్కు నిర్దేశించిన రేవుల్లోనే దిగాలి. విశాఖ ఆ రేవుల జాబితాలో ఉంది. ఈ ధ్రువపత్రాన్ని కస్టమ్స్‌కు చూపే కాగితంగా మాత్రమే చూసే దళారులు ఉన్నారు. కొలిమి దగ్గర నిలబడేది వారు కాదు.

దేశీయ వేలంలోనూ ఈ ప్రమాదం లేదని అనుకోరాదు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వాడకం మానేసిన ప్రయోగశాల యంత్రాన్ని వేలంలో అమ్మింది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పగా అందులో కోబాల్టు-60 ఉంది. ఒకరు చనిపోయారు, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. అమ్మినది సైన్యం కాదు, చదువుల గుడి. సర్కారు ముద్ర ఉన్న కాగితం సరుకులో ఏమున్నదో హామీ ఇవ్వదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. మూతి మూసి ఉన్న గొట్టం, బిగించిన సిలిండరు, దేనికి వాడారో తెలియని బరువైన సీసపు పెట్టె కంటబడితే గ్యాసు కట్టరు పక్కన పెట్టి, పోలీసులకు కబురు చేసి, నిపుణులను పిలిపించడం మంచిది. ఆ రోజు కూలి పోతే పోనీ.

విశాఖ తీరాన పాత ఓడలు

ఓడల సంగతికి వస్తే, 1971 డిసెంబరు 3 రాత్రి విశాఖ రేవు బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు పేరు యు.ఎస్.ఎస్. డయాబ్లో. 1945లో అమెరికా నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. దాన్ని ఏమార్చడానికి విశాఖలో నిలిపిన మన రాజ్‌పుత్, బ్రిటిష్ వారు 1942లో కట్టిన రోథర్‌హామ్. అది వెతుకుతూ వచ్చిన విక్రాంత్, యుద్ధం ముగియడంతో పని ఆపేసి పదేళ్లకు పైగా వదిలేసిన హెర్క్యులిస్. మనం 1957లో కొని పూర్తి చేయించి, 1961లో దళంలో చేర్చాం. ఒక యుద్ధపు మిగులు సరుకు మరో యుద్ధంలో మన గుమ్మం ముందే ఎదురుబొదురు నిలిచింది.

విక్రాంత్ చివరకు 2014లో సుమారు రు. 60 కోట్లకు తుక్కు కింద పోయింది. దాని లోహంతో ఒక మోటారు సైకిళ్ల కంపెనీ బండ్లు చేసి, ఆ పేరు చెప్పుకునే అమ్మింది. తుక్కుకు పేరు తోడైతే ధర వేరు. విరాట్ సంగతి మనకు మరీ దగ్గరిది. 2017లో విరమించిన ఆ నౌకను విశాఖ తీరానికి తెచ్చి పర్యాటక కేంద్రంగా చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్సాహపడింది. ఖర్చు లెక్కలు వేసేసరికి ముడి పడలేదు. 2020లో వేలంలో రు. 38.54 కోట్లకు గుజరాత్‌లోని అలంగ్ ఓడల విచ్ఛిన్న కేంద్రం వారు దక్కించుకున్నారు. విశాఖకు దక్కినవి బీచిరోడ్డు మీది కుర్సురా జలాంతర్గామి, టీయూ-142 విమానం. అన్నీ వేలానికి పోవన్నది కూడా గమనించాలి. ఖుక్రీని విశాఖలో విరమింపజేసి 2022లో డయ్యూకు స్మారకంగా ఇచ్చారు. 2023లో కిర్పాన్ విశాఖ నుంచే బయలుదేరి వియత్నాంకు కానుకగా వెళ్లింది. హిందుస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతు చేసిన సింధువీర్ జలాంతర్గామి 2020లో మయన్మారుకు చేరింది. తుక్కు వర్తకులు కన్నేసిన ఓడ ఇలా దౌత్యం ఖాతాలో పోవచ్చు.

మిగులు సరుకు ఎంత దిగజారగలదో చెప్పడానికి కాబూలు చాలు. ఆఫ్ఘన్ వాయుసేన కోసం అమెరికా దాదాపు 55 కోట్ల డాలర్ల పథకం కింద 20 ఇటలీ రవాణా విమానాలు కొన్నది. విడిభాగాలు దొరకక అవి మూలపడ్డాయి. 2014లో వాటిలో 16 విమానాలను ముక్కలు చేసి స్థానిక సంస్థకు తూకం లెక్కన అమ్మగా వచ్చినది 32,000 డాలర్లు. పౌను ఆరు సెంట్లు.

నేటి పాట లెక్క

వెనుకటి డి.జి.ఎస్. అండ్ డి. 2017 అక్టోబరు 31తో మూతపడింది. ప్రభుత్వ తుక్కు అమ్మకాల్లో ఇప్పుడు ప్రధానంగా వినబడే పేరు ఎం.ఎస్.టి.సి. 1964లో మెటల్ స్క్రాప్ ట్రేడ్ కార్పొరేషన్ పేరుతో పుట్టిన ఈ సంస్థ ఒకప్పుడు తుక్కు దిగుమతులకు ఏకైక ద్వారం. 1992 నుంచి ఆ గుత్త పోయింది. నేడు సైన్యం, నౌకాదళం, రైల్వేలు, ప్రభుత్వ కర్మాగారాల సరుకుకు ఆన్‌లైన్ వేలాలు నడుపుతోంది.

షరతుల సారం మాత్రం 1946 నాటిదే. ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. పాడిన తరువాత ఫిర్యాదు లేదు. ముందు ధరావతు కట్టాలి. హెచ్చు పాట పాడినా అది కొన్నిసార్లు ‘అనుమతికి లోబడి’ ఉంటుంది. అంటే అధికారులు ఒప్పుకునే దాకా పాటదారు కట్టుబడి ఉండాలి, సర్కారు కట్టుబడి ఉండదు. ఈలోగా బజారు పడితే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఒప్పుకున్నాక గడువులో పూర్తి పైకం కట్టాలి, గడువులో సరుకు ఎత్తాలి, దాటితే రోజువారీ స్థలం అద్దె. సైనిక సరుకు అయితే ఆయుధంగా పనికివచ్చే భాగాలను కోసి, వంచి పాడు చేసే షరతు కూడా ఉండవచ్చు. ఆ కోత ఖర్చు ఎవరిదో చూసుకోవాలి.

మచ్చుకు ఒక లెక్క వేద్దాం. ఇవి వివరణ కోసం తీసుకున్న అంకెలే గాని బజారు ధరలు కావు. కలగలుపు ఇనుము 100 టన్నుల లాటు కిలో రు. 30 చొప్పున పాడారనుకుందాం. పాట రు. 30 లక్షలు. గ్యాసు కోత, క్రేను, కూలి, లారీ కలిపి రు. 3 లక్షలు. అధికారుల అనుమతికి, గేటు పాసులకు రెండు నెలలు పట్టింది. రూపాయిన్నర వడ్డీ చొప్పున రు. 90 వేలు. వానకు పది రోజులు పని ఆగి స్థలం అద్దె రు. 50 వేలు. మొత్తం రు. 34.40 లక్షలు. ఇంటికి తెచ్చి విప్పితే అందులో మట్టి, రబ్బరు, కలప 18 టన్నులు పోయి నికర ఇనుము 82 టన్నులు తేలింది. కిలో రు. 42 చిల్లరలేకుండా పడింది. పన్నులు వేరు. ముప్పై అనుకున్న సరుకు నలభై రెండు అయింది, ఇందులో ఎవరూ మోసం చేయలేదు.

కేటలాగులో సరుకు చూసుకునేందుకు తేదీలు, వేళలు ఇస్తారు. సైనిక ప్రాంగణాల్లోకి ప్రవేశానికి ముందుగా పేరు, గుర్తింపు కాగితాలు పంపి అనుమతి తీసుకోవాలి. ఎలమంచిలి, అనకాపల్లి వర్తకులు ఇద్దరు ముగ్గురు కలిసి, తుక్కు కోసే మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లడం మేలు. గుట్ట పైపొరను కాక అడుగును చూడాలి, తూకం ఏ కాటా మీద వేస్తారో అడగాలి, లారీ గేటు దాకా పోగలదా లేదా చూడాలి. లాటు పూర్తిగా ఎత్తిన తరువాత మిగిలే చెత్తను కూడా ఎత్తి స్థలం శుభ్రం చేసి అప్పగించాలనే షరతు చాలా వేలాల్లో ఉంటుంది. ధరావతు తిరిగి వచ్చేది ఆ చెత్త ఎత్తినట్టు అధికారి సంతకం చేసిన తరువాతే.